నల్ల సంచి దించి కలం పట్టిన సోమర్సెట్ మామ్

ఇంగ్లీషు వాచకాల్లో చదివిన కథల వల్ల సోమర్సెట్ మామ్ పేరు మన ఉపాధ్యాయులు చాలామందికి తెలుసు. తెలుగు చెవికి మామ అన్నట్టే వినిపించే పేరు కాబట్టి పిల్లలు కూడా ఒకసారి వింటే మర్చిపోరు. భోజనానికి పిలిచి జేబు ఖాళీ చేసుకున్న రచయిత కథ, చదువు రాదని చర్చి కొలువు పోగొట్టుకుని తర్వాత పొగాకు దుకాణాలతో ధనవంతుడైన మనిషి కథ ఆయన రాసినవే. అంత తేటగా, ఎక్కడా తడబడకుండా ఇంగ్లీషు రాసిన ఈ మనిషికి ఇంగ్లీషు మాతృభాషగా రాలేదన్న సంగతి, జీవితాంతం నత్తితో మాట్లాడాడన్న సంగతి, డాక్టరు పరీక్షలు ప్యాసై ఆ చదువును పక్కన పెట్టాడన్న సంగతి అంతగా తెలియవు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, పరీక్ష కాగితం మీద మరో భాషతో పెరిగే పిల్లలను పెంచుతున్నవాళ్లం, చదువు చెబుతున్నవాళ్లం మనం. అందుకని ఆయన బతుకు కొంచెం వివరంగా చెప్పుకుందాం.

విలియం సోమర్సెట్ మామ్ 1874 జనవరి 25న పారిస్‌లో, బ్రిటిష్ రాయబార కార్యాలయం భవనంలోనే పుట్టాడు. ఫ్రెంచి గడ్డ మీద పుట్టిన విదేశీయుల పిల్లలను ఫ్రెంచి పౌరులుగా లెక్కగట్టి, పెద్దయ్యాక సైన్యంలో చేర్చుకునే చట్టం వస్తుందని అప్పట్లో భయం. రాయబార కార్యాలయం లోపల పుడితే బ్రిటిష్ నేల మీద పుట్టినట్టే కనుక, అక్కడే ఒక అంతస్తులో కాన్పుల గది ఏర్పాటు చేశారు. తండ్రి రాబర్ట్ మామ్ ఆ కార్యాలయానికి న్యాయ వ్యవహారాలు చూసే లాయరు. తల్లి ఈడిత్. ముగ్గురు అన్నలు అప్పటికే ఇంగ్లాండులో హాస్టలు చదువులో ఉండటంతో చిన్నవాడు విల్లీ తల్లి కొంగు పట్టుకుని ఒక్కడే పెరిగాడు. పనివాళ్లు, ఆడుకునే పిల్లలు, బడి అంతా ఫ్రెంచిలోనే. కాగితాల్లో ఆంగ్లేయుడైనా నాలుక మీద ఫ్రెంచివాడు.

తల్లికి క్షయ. బిడ్డను కంటే క్షయ తగ్గుతుందని నమ్మే డాక్టర్లు ఆ కాలంలో ఉండేవారు. ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. విల్లీకి ఎనిమిదేళ్లు నిండే రోజుల్లో ఆమె మరో బిడ్డను కన్నది. ఆ బిడ్డ ఒక్కరోజే బతికాడు. కొద్దిరోజులకే, 1882 జనవరి 31న, తల్లీ పోయింది. అంటే కొడుకు పుట్టినరోజు వెళ్లి ఆరు రోజులు. ఆమె ఫొటోను మామ్ తొంభై ఏళ్లు దాటేదాకా పడక పక్కనే ఉంచుకున్నాడు.

తల్లి పోయాక తండ్రి కుర్రవాడిని ఫ్రెంచి బడి మాన్పించి, రాయబార కార్యాలయం చర్చిలోని ఆంగ్ల మతగురువు దగ్గరకు రోజూ పాఠానికి పంపించాడు. ఆ గురువుగారు ఇంగ్లీషు నేర్పే పద్ధతి వింతగా ఉండేది. స్టాండర్డ్ అనే దినపత్రిక తెరిచి, అందులో పోలీసు కోర్టు వార్తలు బిగ్గరగా చదివించేవాడు. దొంగతనాలు, కొట్లాటలు, హత్యలు. పారిస్ నుంచి కలే వెళ్లే రైల్లో జరిగిన ఒక హత్య గురించి చదువుతున్నప్పుడు పుట్టిన భయం మామ్‌కు ముసలితనంలోనూ గుర్తుంది. ఉపాధ్యాయ శిక్షణలో మనకు ఇలాంటి పద్ధతి ఎవరూ చెప్పరు, చెబితే ఒప్పుకోం కూడా. కానీ కథలు చెప్పి బతకబోయే పిల్లవాడికి మొదటి ఇంగ్లీషు వాచకం పోలీసు కోర్టు వార్తలు కావడం తలుచుకుంటే నవ్వొస్తుంది.

రెండేళ్లకు, 1884లో, తండ్రి కేన్సరుతో చనిపోయాడు. పదేళ్ల పిల్లవాడిని ఇంగ్లాండులో కెంట్ ప్రాంతంలోని విట్‌స్టబుల్ అనే సముద్రపు ఊరికి పంపించారు. అక్కడ బాబాయి హెన్రీ మామ్ చర్చి మతాధికారి. పిల్లలు లేని ఇల్లు. బాబాయి చెడ్డవాడని చెప్పలేం గానీ, తన అలవాట్లు, తన భోజనం, తన నిద్ర తప్ప మరొకటి పట్టని మనిషి. పిన్ని సోఫీ జర్మనీ నుంచి వచ్చింది. ఆమెకు ప్రేమ ఉంది, దాన్ని ఎలా చూపించాలో తెలియదు. ఆ ఇంట్లో విల్లీకి దొరికిన మేలైన వస్తువు బాబాయిగారి పుస్తకాల గది.

నత్తి మొదలైంది కూడా ఈ రోజుల్లోనే. కాంటర్‌బరీలోని కింగ్స్ స్కూలులో 1885లో చేర్పించారు. పొట్టిగా ఉంటాడు, ఆటలు రావు, మాట తడబడుతుంది, వచ్చే ఇంగ్లీషులో ఫ్రెంచి యాస. తరగతిలో ఒకసారి పాఠం పైకి చదవమంటే అన్‌స్టేబుల్ అనే మాటను డన్‌స్టబుల్ అనే ఊరి పేరు పలికినట్టు పలికాడు. తరగతంతా గొల్లుమంది. యాభై ఏళ్ల తర్వాత, లక్షల ప్రతులు అమ్ముడుపోయిన రచయితగా తన జీవిత విశేషాలు రాసుకున్నప్పుడు కూడా ఆ ఒక్క మాట, ఆ నవ్వు ఆయన వదిలిపెట్టలేదు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. నా తరగతిలో ఒక పిల్లవాడు తెలుగు పాఠం చదువుతూ భారతాన్ని పారతం అని, ధనాన్ని తనం అని చదివాడు. వాడు తిరిగే వీధిలో వాడే భాషకు ఆ ఒత్తులు లేవు. పిల్లలు నవ్వారు. ఆపవలసిన నేనూ నవ్వాను. ఆ తర్వాత వాడు పైకి చదవడానికి లేచి నిలబడటానికి ఏడాది పట్టింది. మామ్ రాసిన ఆ డన్‌స్టబుల్ సంగతి నేను అప్పటికి చదివి ఉంటే ఎలా ఉండేదో తెలియదు.

నత్తి పోవాలని విల్లీ దేవుణ్ణి వేడుకున్నాడు. బడి తెరిచే ముందురోజు రాత్రి నమ్మకంగా ప్రార్థించి పడుకున్నాడు. నమ్మితే కొండలైనా కదులుతాయని చర్చిలో విన్నాడు మరి. పొద్దున్నే లేచి నోరు తెరిస్తే నత్తి అలాగే ఉంది. ఆయన నమ్మకం సడలడం అక్కడ మొదలైంది.

పదిహేను, పదహారేళ్ల వయసులో ఊపిరితిత్తుల జబ్బు చేసింది. తల్లి క్షయతో పోయిన పిల్లవాడు కనుక పెద్దలు కంగారుపడి దక్షిణ ఫ్రాన్స్‌లోని సముద్రతీరానికి గాలి మార్పుకు పంపించారు. తర్వాత జర్మనీలో హైడెల్‌బర్గ్ వెళ్లి ఏడాదికి పైగా ఉన్నాడు. విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం ఉపన్యాసాలు విన్నాడు, నాటకాలు చూశాడు, ఎవరికీ చెప్పకుండా రాయడం మొదలుపెట్టాడు. ఒక సంగీతకారుడి జీవిత చరిత్ర రాసి, ప్రచురణకర్త తిప్పి పంపితే కాల్చేశాడు.

ఇంటికి తిరిగొచ్చాక మనకు బాగా తెలిసిన ప్రశ్నే వచ్చింది. పిల్లవాడిని ఏం చదివించాలి? తండ్రి, తాత, అన్నలు అందరిదీ న్యాయవాద వృత్తి. ఒక అన్న ఫ్రెడరిక్ ఆ దారిలో ఎంత ఎత్తుకు వెళ్లాడంటే తర్వాత కాలంలో ఇంగ్లాండు న్యాయ వ్యవస్థకు పెద్ద అయిన లార్డ్ ఛాన్సలర్ పదవి చేశాడు. నత్తి ఉన్నవాడు కోర్టులో ఏం వాదిస్తాడు? చర్చిలో ఉపన్యాసం ఎలా ఇస్తాడు? లెక్కలు చూసే ఆఫీసులో పెడితే నెల రోజులకే వచ్చేశాడు. చివరికి ఊరి డాక్టరు సలహా మీద వైద్యం అనుకున్నారు. తాను రచయిత కావాలని ఉందని బాబాయికి చెప్పే ధైర్యం అతనికి లేదు. లండను చేరడానికి అదొక దారి అనిపించింది, ఒప్పుకున్నాడు. 1892లో, పద్దెనిమిదేళ్ల వయసులో, లాంబెత్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో చేరాడు.

మొదటి రెండేళ్లు మామ్ మంచి విద్యార్థి కాదు. పగలు కళాశాల, సాయంత్రాలు గదిలో సాహిత్యం. ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియన్, లాటిన్ పుస్తకాలు వరుసపెట్టి చదివాడు. ఆ ఏడాదే ఒక నోటు పుస్తకం మొదలుపెట్టి, కనిపించింది, విన్నది, తోచింది రాసుకోవడం అలవాటు చేసుకున్నాడు. పాఠాల్లో ఒకటి మాత్రం మనసులో నాటుకుంది. శవపరీక్ష గదిలో ఒక నరం కోసం వెతుకుతున్నాడు. పుస్తకంలో చెప్పిన చోట అది లేదు. బోధకుడు వచ్చి మరో చోట చూపించాడు. పుస్తకం తప్పా అని మామ్ చిరాకుపడితే, పుస్తకంలో ఉన్నట్టు అచ్చంగా ఉండే శరీరమే అన్నిటికన్నా అరుదని ఆయన చెప్పాడు. శరీరాల విషయంలో విన్న ఆ మాటను మామ్ మనుషుల మనసులకూ వర్తింపజేసుకున్నాడు. ఆయన కథల్లో పూర్తిగా మంచివాడు, పూర్తిగా చెడ్డవాడు దాదాపు కనబడకపోవడానికి మూలం ఆ శవపరీక్ష గదే అని నాకనిపిస్తుంది.

మూడో ఏడు నుంచి అవుట్ పేషెంట్ విభాగం, వార్డులు. అప్పుడు చదువు రుచించింది. రోజంతా మనుషులు వస్తూనే ఉండేవారు. రోగులు డాక్టరు ముందు దాచుకోరు, దాచుకున్నా ఎక్కువసేపు నిలవదు. తానిక బతకనని తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో, ఆ ముఖంలో భయం, ధైర్యం, ఆశ ఎలా వచ్చిపోతాయో మామ్ దగ్గర నుంచి చూశాడు. కష్టాలు మనిషిని ఉన్నతుణ్ణి చేస్తాయని పుస్తకాలు, చర్చిలు చెప్పేవి. వార్డుల్లో ఆయనకు అది కనబడలేదు. బాధ చాలామందిని చిన్నబుద్ధి గలవాళ్లుగా, అనుమానం మనుషులుగా, స్వార్థపరులుగా మార్చడం చూశాడు. ఈ అభిప్రాయంతో మనం ఏకీభవించాలని లేదు. కానీ ఇరవై ఏళ్ల కుర్రవాడు తాను చూసినదాన్నే నమ్మాలని పట్టుబట్టడం గమనించదగ్గది.

కాన్పుల శిక్షణ వచ్చింది. అర్హత పత్రం కోసం విద్యార్థులు ఇళ్లకు వెళ్లి ఇరవై కాన్పులు చెయ్యాలి. మామ్ మూడు వారాల్లో అరవైకి పైగా చేశాడు. పగలూ రాత్రీ పిలుపు ఉంటుంది కనుక ఆసుపత్రి గేటుకు ఎదురుగానే గది తీసుకున్నాడు. అర్ధరాత్రి ఒక భర్తో, ఒక పిల్లవాడో వచ్చి పిలిచేవారు. చేతిలో నల్ల సంచి పట్టుకుని వాళ్ల వెంట నడవాలి. లాంబెత్ మురికివాడల్లో పోలీసులు కూడా వెళ్లడానికి జంకే సందులుండేవి. ఆ సంచి చూస్తే చాలు, ఎవరూ ముట్టుకునేవారు కాదు. గాలి రాని గదులు, ఒకే మంచం మీద అయిదారుగురు, తాగిన మగవాళ్లు, నవ్వుతూ తిట్టుకునే ఆడవాళ్లు, బిడ్డ పుట్టినా పెద్దగా సంతోషించే స్థితి లేని ఇళ్లు. అటువైపు, థేమ్స్ నదికి ఆ గట్టున పార్లమెంటు భవనం.

కొన్ని ఇళ్లలో బిడ్డ పోయేది, కొన్నిట్లో తల్లి పోయేది. తన తల్లి పోయిన తీరు తెలిసిన కుర్రవాడు ఆ గదుల్లో నిలబడి ఏమనుకున్నాడో ఎక్కడా విప్పి రాయలేదు. రాసింది మాత్రం ఒక నవల. లాంబెత్ సందులో ఫ్యాక్టరీ పని చేసుకునే లీజా అనే పద్దెనిమిదేళ్ల పిల్ల, పెళ్లయిన మగవాడిని ప్రేమించి, దెబ్బలు తిని, గర్భం పోయి చనిపోవడం ఆ కథ. 'లీజా ఆఫ్ లాంబెత్' 1897 సెప్టెంబరులో అచ్చయింది. రచయితకు ఇరవైమూడేళ్లు. మొదటి ముద్రణ కొద్ది వారాల్లోనే అమ్ముడుపోయింది. అందులో కల్పన చాలా తక్కువని, కళ్లతో చూసినదీ చెవులతో విన్నదీ రాశానని తర్వాత చెప్పుకున్నాడు. ఎదుటివాళ్లు మాట్లాడిన యాసను చెవి పట్టుకోవడం చూడండి. తన నోటితో సరిగా పలకలేని పిల్లవాడికి ఇతరులు పలికే తీరు వినడం బాగా అలవాటవుతుందేమో.

సరిగ్గా అదే సమయానికి వైద్య పరీక్షలూ అయిపోయాయి. డాక్టరుగా అర్హత వచ్చింది. ఆసుపత్రి పెద్ద డాక్టరు ఒకరు పిలిచి చిన్న ఉద్యోగం ఇస్తామన్నారు. మామ్ వద్దన్నాడు. స్పెయిన్ వెళ్లిపోయాడు.

ఈ ఘట్టాన్ని సాహసంగా చెప్పే పుస్తకాలున్నాయి. తల్లిదండ్రులు చదివే పేజీ కనుక మిగిలిన సగమూ చెప్పాలి. తండ్రి ఆస్తిలో వాటాగా మామ్‌కు ఏడాదికి సుమారు 150 పౌండ్లు వచ్చేవి. ఒంటరి మనిషి పొదుపుగా బతకడానికి అది సరిపోతుంది. ఆ దన్ను లేకపోతే ఆయన నల్ల సంచి దించేవాడో కాదో. పైగా పెద్దయ్యాక ఆయనే ఆ నిర్ణయాన్ని తెలివితక్కువ పని అన్నాడు. ఇంకో మూడు నాలుగేళ్లు ఆసుపత్రిలో ఉండి, రాత్రిళ్లు రాసుకుని ఉంటే బతుకుతెరువు బాధ తప్పేది, మనుషుల గురించి ఇంకెంతో తెలిసేది అని పశ్చాత్తాపపడ్డాడు. వదిలినందుకు కాదు, తొందరపడి వదిలినందుకు.

ఆ తర్వాత పదేళ్లు నడిచింది కష్టంగానే. నవలలు వచ్చాయి, డబ్బు రాలేదు. నాటకాలు రాస్తే నాటకశాలల వాళ్లు తిప్పి పంపారు. ఈ రోజుల్లోనూ, అంతకు ముందూ ఆయన భాష కోసం చేసిన సాధన ఉపాధ్యాయులకు పనికొస్తుంది. తనకు భాష సహజంగా రాలేదని, చిన్నప్పుడు చెప్పినవాళ్లు లేరని ఆయన బెంగ. అందుకని పాత వచన రచయిత స్విఫ్ట్ పుటలు తీసుకుని చూసి రాసేవాడు. తర్వాత పుస్తకం మూసి అదే భాగం జ్ఞాపకం మీద రాసేవాడు. రెండూ పక్కపక్కన పెట్టి ఏ మాట మారిందో, మారిన మాట ఎందుకు చెడిందో చూసుకునేవాడు. మొదట్లో అలంకారాల మీద మోజుతో మ్యూజియానికి వెళ్లి రత్నాల పేర్లు కూడా రాసుకొచ్చాడు. కొన్నాళ్లకు ఆ సొగసు తనది కాదని తెలుసుకున్నాడు. తనకు రానిది వదిలేసి, వచ్చినదాంతోనే రాయాలనుకున్నాడు. స్పష్టంగా ఉండాలి, సాదాగా ఉండాలి, చెవికి ఇంపుగా ఉండాలి. ఈ మూడు చాలనుకున్నాడు. చూచిరాత అంటే ఇప్పుడు మనకు చిన్నచూపు. పెద్ద తరగతుల్లో ఈ రకం చూచిరాత చేయించి చూడండి, పిల్లలు తమంతట తామే వాక్యాన్ని గమనించడం మొదలుపెడతారు.

1907 అక్టోబరులో లండన్‌లో ఒక నాటకశాలలో ఆడుతున్న నాటకం దెబ్బతిన్నది. తర్వాతి నాటకం సిద్ధమయ్యేదాకా కొన్ని వారాలు ఏదో ఒకటి ఆడించాలి. అందరూ తిప్పి పంపిన మామ్ నాటకం 'లేడీ ఫ్రెడరిక్' ఆ ఖాళీలోకి వచ్చింది. అది 400 పైచిలుకు ప్రదర్శనలు ఆడింది. మరుసటి ఏడాది లండన్‌లో ఒకేసారి ఆయనవి నాలుగు నాటకాలు ఆడుతున్నాయి. షేక్‌స్పియర్ ఆ నాటకాల పోస్టర్ల ముందు నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నట్టు పంచ్ పత్రిక కార్టూన్ వేసింది. నాలుగు మాటలు వరుసగా పలకలేని మనిషి రాసిన సంభాషణలను నటులు తడుముకోకుండా పలుకుతుంటే లండను జనం చప్పట్లు కొట్టారు.

డబ్బూ పేరూ వచ్చాక మనిషి కుదుటపడాలి. మామ్‌కు అలా జరగలేదు. తల్లి చావు, విట్‌స్టబుల్ ఇల్లు, కాంటర్‌బరీ బడి, నత్తి, ఆసుపత్రి గదులు నిద్రలోనూ మెలకువలోనూ వెంటాడాయి. మంచి లాభాలొస్తున్న నాటకాలు ఆపేసి, ఆ జ్ఞాపకాలన్నీ ఒక నవలగా రాయడానికి కూర్చున్నాడు. అదే 1915లో వచ్చిన 'ఆఫ్ హ్యూమన్ బాండేజ్'. కథానాయకుడు ఫిలిప్‌కు నత్తికి బదులు పుట్టుకతో వంకర పాదం పెట్టాడు. మిగతాదంతా దాదాపు తన కథే. దేవుడు పాదం బాగుచేస్తాడని నమ్మి ప్రార్థించే పిల్లవాడు, నవ్వే తరగతి, చిత్రకళ నేర్చుకోవడానికి వెళ్లి తనకు అంత ప్రతిభ లేదని తెలుసుకోవడం, ఆ తర్వాత వైద్య విద్య. చివరికి ఫిలిప్ డాక్టరవుతాడు, పల్లెలో వైద్యానికి చేరతాడు, మంచి పిల్లను పెళ్లాడబోతాడు. తాను విడిచిపెట్టిన వృత్తిని, తనకు దక్కని సంసారాన్ని రచయిత తన బొమ్మకు ఇచ్చి పంపించాడన్నమాట.

రాయడం పూర్తయ్యాక ఆ జ్ఞాపకాలు తనను వదిలాయని మామ్ చెప్పాడు. చాలావరకు నిజమే కావచ్చు. కానీ ఎన్నో ఏళ్ల తర్వాత, చూపు లేనివారి కోసం ఈ నవలను తన గొంతుతో రికార్డు చేయడానికి కూర్చుని, తల్లి చనిపోయే మొదటి అధ్యాయం దగ్గరే ఏడ్చేసి ముందుకు చదవలేకపోయాడు. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు.

ఆ నవల అచ్చు ప్రూఫులు దిద్దింది ఎక్కడో తెలుసా? మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న ఉత్తర ఫ్రాన్స్ తీరాన. 1914లో నలభై ఏళ్ల మామ్ సైన్యానికి వయసు మీరినవాడు కావడంతో రెడ్ క్రాస్ అంబులెన్స్ దళంలో చేరాడు. ఆయన్ను తీసుకున్నది ముఖ్యంగా ఫ్రెంచి వచ్చినందుకు. బడిలో నవ్వులపాలైన ఆ భాషే అక్కడ గాయపడిన సైనికుడికీ వైద్యుడికీ మధ్య వంతెన అయింది. చేతులు చాలనప్పుడు గాయాలు శుభ్రం చేసి కట్లు కట్టే పనీ పడింది. పదిహేడేళ్ల కిందట వదిలేసిన పని. చేతులకు గుర్తుంటుందా అని జంకాడు గానీ గుర్తొచ్చింది.

తర్వాత బ్రిటిష్ గూఢచారిగా స్విట్జర్లాండులో, 1917లో రష్యాలో పనిచేశాడు. ఆ తిప్పలకు తల్లి జబ్బు తనకూ వచ్చింది. స్కాట్లాండులోని క్షయ ఆసుపత్రిలో నెలల తరబడి పడుకున్నాడు. ఒకప్పుడు మంచం పక్కన నిలబడి చూసినవాడు ఇప్పుడు మంచం మీద నుంచి చూశాడు. ఆ ఆసుపత్రి మనుషుల మీద తర్వాత మంచి కథ రాశాడు.

ఈ వయసు తర్వాత కీర్తి కథ తొందరగా చెప్పేయవచ్చు. పసిఫిక్ దీవులు, చైనా, మలయా తిరిగాడు. ఎక్కడికెళ్లినా అవుట్ పేషెంట్ గదిలో కూర్చున్న డాక్టరులాగే ఎదుటివాళ్లను మాట్లాడనిచ్చి వినేవాడు. వందకు పైగా కథలు రాశాడు. దక్షిణ ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున పెద్ద ఇల్లు కొన్నాడు. ఇంటి సంగతులు మాత్రం బాగాలేవు. ఆనాటి ఇంగ్లాండు చట్టం నేరంగా చూసిన ప్రేమ ఆయనది, దాన్ని జీవితమంతా దాచుకోవలసి వచ్చింది. పెళ్లి విడాకులతో ముగిసింది. ముసలితనంలో చనిపోయిన భార్యను నిందిస్తూ రాశాడు, కూతురితో ఆస్తి కోసం కోర్టుకెక్కాడు. ఆ కూతురికి తన మొదటి నవల నాయిక పేరే, లీజా అని పెట్టుకున్నవాడు. చిన్నప్పుడు ప్రేమ దొరకలేదు కాబట్టి ఇలా అయ్యాడని సమర్థించడం నాకు ఇష్టం లేదు. తప్పు తప్పే.

మన దేశంతో ఆయన ముడి ఒకటుంది. 1938లో అరవైనాలుగేళ్ల వయసులో భారతదేశం వచ్చాడు. వేటలకూ విందులకూ కాకుండా సాధువులను, పండితులను వెతుక్కుంటూ తిరిగాడు. మద్రాసు వైపు వచ్చినప్పుడు తిరువణ్ణామలై వెళ్లాడు. అరుణాచలం అనగానే మన పాఠకులకు చలం గుర్తొస్తాడు. చలం అక్కడికి చేరింది మరో పన్నెండేళ్లకు. మామ్ ఎండలో దుమ్ములో ప్రయాణం చేసి రమణాశ్రమం చేరి, మహర్షి దర్శనానికి వెళ్లేలోపే స్పృహ తప్పి పడిపోయాడు. ఆశ్రమవాసి మేజర్ చాడ్విక్ గదిలో పడుకోబెట్టారు. విషయం తెలిసి రమణ మహర్షే ఆ గదికి వచ్చి కూర్చున్నారు. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. ఏమైనా అడగాలా అంటే మామ్ వద్దన్నాడు. మాట్లాడాల్సి వచ్చిన ప్రతిచోటా అరవై ఏళ్లుగా నత్తితో కుస్తీ పట్టిన మనిషికి, ఏమీ మాట్లాడనక్కర్లేని చోటు అదొక్కటే అయి ఉంటుంది.

ఆ తర్వాత మామ్‌కు సమాధి స్థితి కలిగిందని, అనంతాన్ని దర్శించాడని ప్రచారం జరిగింది. ఇరవై ఏళ్లకు మహర్షి మీద రాసిన వ్యాసంలో ఆయన ఆ సంగతి తేల్చాడు. తనకు అంతకుముందూ అలా స్పృహ తప్పింది, ఆ తర్వాతా తప్పింది, అంతకుమించి తనకేమీ తెలియదు. పాత వైద్య విద్యార్థి లక్షణాలను మాత్రమే చెప్పి రోగానికి పేరు పెట్టకుండా ఊరుకున్నాడు. మహర్షి ముఖంలోని ప్రశాంతత, దయ మాత్రం మరువలేదు. 1944లో వచ్చిన 'ది రేజర్స్ ఎడ్జ్' నవలలో అమెరికా కుర్రవాడికి దారి చూపే భారతీయ గురువు మహర్షి ఛాయలోనే కనబడతాడు. ఆ పేరు కఠోపనిషత్తులోని కత్తి అంచు ఉపమానం నుంచి తీసుకున్నది.

మామ్ 1965 డిసెంబరు 16న తొంభైఒకటో ఏట దక్షిణ ఫ్రాన్స్‌లోని నీస్‌లో కన్నుమూశాడు. పుట్టిన దేశంలోనే పోయాడు. నత్తి చివరిదాకా పోలేదు. సభల్లో మాట్లాడవలసి వస్తే ప్రసంగమంతా ముందే కంఠస్థం చేసుకుని వెళ్లేవాడు. ఎక్కడైనా మాట అడ్డుపడితే జనం ఓపిగ్గా ఆగేవారు.

అస్థికలను మాత్రం ఆయన కోరిక ప్రకారం ఇంగ్లాండు తీసుకొచ్చారు. తల్లి ఊరికి కాదు, విట్‌స్టబుల్‌కు కాదు, లండన్‌కు కాదు. కాంటర్‌బరీ కింగ్స్ స్కూలుకు. ముసలితనంలో ఆ బడికి డబ్బిచ్చాడు, తన పుస్తకాలిచ్చాడు, వాటి కోసం అక్కడ మామ్ గ్రంథాలయం కట్టారు. ఆ గ్రంథాలయం గోడ పక్కన బూడిద చల్లారు. లాంబెత్ సందుల్లో కాన్పులు చేసి వచ్చిన కుర్రవాడు నోటు పుస్తకాల్లో చేత్తో రాసుకున్న 'లీజా ఆఫ్ లాంబెత్' రాతప్రతి కూడా ఆ బడిలోనే ఉంది.